భుజం మీది గుర్తు, నోటిలోని మాట: తెలుగు సినిమా సైనికుడిపై ఒక పరిశీలన

ఈ ఏడు మా విద్యార్థుల సెమినారుకు ఇచ్చిన అంశాల్లో 'తెలుగు సినిమాలో సైనికుడు' ఒకటి. వచ్చిన పత్రాలన్నీ చదివాక ఒక సంగతి మాకు కొట్టొచ్చినట్టు కనబడింది. రాసినవారు వేరు, ఎత్తుకున్న సినిమాలు వేరు. పట్టిన తప్పులు మాత్రం ఒకే జాతివి. టోపీ లేని తలతో సెల్యూట్ చేశాడని ఒకరు, జుట్టు చెవులమీదికి వచ్చిందని ఒకరు, ఛాతీమీది రిబ్బన్ల వరుస తారుమారైందని మరొకరు రాశారు. ఇవి తప్పులు కావని మేము అనం. మన సైన్యంలో తలమీద టోపీ గాని తలపాగా గాని లేనప్పుడు సెల్యూట్ చేయరు; నిటారుగా నిలబడతారు, అంతే. సైన్యంలో సెల్యూట్ చేసే అరచెయ్యి ఎదుటివారికి కనబడుతుంది, నౌకాదళంలో అరచెయ్యి నేలను చూస్తుంది. ఇవన్నీ తెలుసుకోవడం మంచిదే. కాని వాస్తవికత అన్న ప్రశ్న ఇక్కడితోనే ముగిసిపోతే విమర్శకుడికీ, యూనిఫాం కుట్టే దర్జీకీ తేడా ఏమిటి? దర్జీని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మా సెమినారు చర్చ కొంత తరగతిలో, మిగిలింది నగర్తపేటలో ఒక విద్యార్థి ఇంటి మేడమీద జరిగింది. ఆ సందుల్లో కూర్చుని బట్ట తెలిసినవాణ్ణి తక్కువ చేసి మాట్లాడే ధైర్యం మాకు లేదు.

మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పింది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. విద్యార్థులు పట్టిన తప్పులన్నీ ఆహార్యానికి చెందినవి. వేషం, అలంకారం, ఆయుధం, పతకం అందులోకి వస్తాయి. సైనిక చిత్రాల విషయంలో 'అచ్చంగా ఉంది', 'అచ్చంగా లేదు' అని పత్రికలు తీర్పు చెప్పేటప్పుడు కూడా నూటికి తొంభై పాళ్ళు ఆహార్యం గురించే మాట్లాడతాయి. సైనికుడు ఎలా నిలబడతాడు, ఎలా ఎదురుచూస్తాడు, ఎవరిని ఏమని పిలుస్తాడు, ఏ భాషలో తిడతాడు, ఆజ్ఞ వినగానే అతని ముఖంలో ఏమి జరుగుతుంది అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. మా దృష్టిలో తెలుగు సినిమా సైనికుడు గత పదేళ్ళలో ఆహార్యంలో బాగా ఎదిగాడు. వాచికంలో మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉన్నాడు. ఎందుకు ఉన్నాడో చూడాలనే ఈ వ్యాసం.

ముందుగా ఒక అపోహ తీర్చవలసి ఉంది. 'సినిమావాళ్ళు కావాలనే బ్యాడ్జీలు తప్పుగా పెడతారు సార్, సరిగ్గా పెడితే చట్టం ఒప్పుకోదు' అని ఒక విద్యార్థి వాదించాడు. ఈ మాట మన దగ్గరే కాదు, అమెరికాలోనూ చాలాకాలంగా చలామణిలో ఉంది. మన భారత శిక్షాస్మృతి 140వ సెక్షన్, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షన్, సైనికుడు కానివాడు తనను సైనికుడని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకోవడాన్ని నేరమంటుంది. నమ్మించే ఉద్దేశం అన్నదే అందులో కీలకం. వేషధారిని చూసి ఎవరూ మోసపోరు. టిక్కెట్టు కొన్నవాడికి అది వేషమని తెలుసు. అమెరికా చట్టం నటులకు యూనిఫాం వేసుకునే వెసులుబాటు ఇస్తూనే, సైన్యానికి అప్రతిష్ఠ రాకూడదని ఒక షరతు పెట్టింది. యుద్ధవ్యతిరేక వీధినాటకంలో యూనిఫాం వేసుకున్న షాక్ట్ అనే యువకుడి కేసులో 1970లో అక్కడి సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టివేసింది. అంటే పొగిడినా తెగిడినా వేషం వేషమే. మన దేశంలో 2020లో రక్షణ మంత్రిత్వశాఖ సైన్యం కథాంశంగా ఉన్న చిత్రాలకు ముందుగా తమ నిరభ్యంతర పత్రం తీసుకోవాలని సెన్సారు బోర్డుకు రాసింది. దీని మంచిచెడ్డలు వేరే చర్చ. బ్యాడ్జీ తప్పుగా ఉంటే అది చట్టానికి భయపడి కాదు, అడిగేవాడు లేక అని మాత్రం ఇక్కడ గ్రహిస్తే చాలు.

హాలీవుడ్ ఈ అడిగేవాణ్ణి జీతానికి పెట్టుకుంది. వియత్నాంలో పోరాడిన మెరీన్ అధికారి డేల్ డై 1980ల నడుమ సైనిక సలహాదారుగా స్థిరపడి, 'ప్లటూన్' (1986) నటులను చిత్రీకరణకు ముందు అడవిలోకి తీసుకువెళ్ళి గోతులు తవ్వించాడు, నిద్ర తగ్గించాడు, సినిమా పేర్లతోనే పిలిచాడు. 'సేవింగ్ ప్రైవేట్ రయన్' (1998) నటులదీ అదే దారి. ఆయన చేసింది ప్రధానంగా ఆహార్యం సరిదిద్దడం కాదు. అలసటను నటించనక్కరలేకుండా చేశాడు. ఆంగికమూ సాత్త్వికమూ అక్కడినుంచి వచ్చాయి.

దీక్షతో వేషం కట్టడమన్నది మనకు దిగుమతి సరుకేమీ కాదు. నగర్తపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి ఏటా చైత్ర పౌర్ణమి రాత్రి కరగ బయలుదేరుతుంది. ఇది తిగళుల ఉత్సవం. ద్రౌపది స్వర్గారోహణ వేళ ఒక రాక్షసుణ్ణి ఎదుర్కోవడానికి వీరకుమారుల సేనను సృష్టించిందనీ, వారు వెళ్ళవద్దని వేడుకుంటే ఏటా వస్తానని మాట ఇచ్చిందనీ ఐతిహ్యం. కరగ మోసే పూజారి స్త్రీవేషంలో నడుస్తుంటే చుట్టూ వీరకుమారులు ఒర లేని కత్తులతో నడుస్తారు. ఆ కత్తులను గుండెలకు తాకించే సేవను 'అలగు సేవె' అంటారు. నిఘంటువు తీస్తే మన 'అలుగు' అక్కడే ఉంటుంది, బాణపు ములికి, కత్తి వాదర అన్న అర్థాల్లో. మన వాడుకలో ఆ మాట దాదాపు పోయింది. పేట వీధిలో కన్నడం నోట బతికి ఉంది.

కరగను సినిమాతో పోల్చడం న్యాయమా అని అడగవచ్చు. భక్తి వేరు, వినోదం వేరు. కాని ఒక సంగతి చూడండి. ఆ రాత్రి వీరకుమారుడి తలపాగా ఎంత ఖరీదైనదో, కత్తి పిడి ఏ కాలం నాటిదో ఎవరూ అడగరు. నియమం పట్టాడా లేదా అన్నదే ప్రశ్న. ఇంకొక సంగతి, అతడు ఒక్కడు కాదు. వందలమందిలో ఒకడు. అందరి అడుగూ కరగ అడుగుకు లోబడి ఉంటుంది. లోబడి ఉండడమే అక్కడ వీరత్వం. మా సెమినారు పత్రాల్లో కనబడనిది, తెలుగు యాక్షన్ చిత్రాల్లో అరుదుగా కనబడేది ఇదే.

మన సినిమాల్లో సైనికుడు ఎవరు? ఎక్కువసార్లు ఒక మేజరు. 'పరమవీర చక్ర' (2011)లో బాలకృష్ణ గారు రెండు పాత్రలు వేశారు: ఒకటి మేజరు, ఒకటి సినిమా నటుడు. తెలిసి చేశారో తెలియక చేశారో గాని, మన సైనిక చిత్రాల అసలు గుట్టు ఆ ద్విపాత్రాభినయంలోనే ఉంది. 'నా పేరు సూర్య' (2018) నాయకుడు కోపం అణచుకోలేక పల్టన్‌కు దూరమై, సరిహద్దుకు వెళ్ళాలంటే మనస్తత్వ నిపుణుడి సంతకం కావలసినవాడు. క్రమశిక్షణను కథావస్తువుగా తీసుకోవడం మంచి ఆలోచనే. తీరా చూస్తే ఆ కోపమే ప్రేక్షకుడికి అమ్మే సరుకు కూడా అయింది. 'సరిలేరు నీకెవ్వరు' (2020)లో మహేశ్‌బాబు గారి మేజర్ అజయ్‌కృష్ణ, గాయపడిన తోటి సైనికుడి కుటుంబానికి అండగా కర్నూలు వస్తాడు. అక్కడినుంచి కొండారెడ్డి బురుజు సాక్షిగా మనకు తెలిసిన కథే. యూనిఫాం ఇక్కడ ఒక అనుమతి పత్రం. ఊళ్ళో కొట్టే ప్రతి దెబ్బకూ ముందుగానే దొరికిన నైతికమైన ముద్ర. కథలోంచి సైన్యాన్ని తీసేసి నాయకుణ్ణి పోలీసును చేసినా, కలెక్టరును చేసినా పెద్దగా తేడా పడదు. తేడా పడనప్పుడు సైనిక చిత్రణ అన్న మాట వాడడమే దండగ. హాస్యం పండిందా అంటే పండింది. అది మరో విషయం.

వీటి పక్కన 'ఘాజీ' (2017) పెట్టి చూడాలి. సంకల్ప్ రెడ్డి దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిరాత్రి విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోవడం చరిత్ర. ఎలా మునిగిందన్నది వాదవివాదం. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ విడిచిన డెప్త్ ఛార్జీల వల్లనని భారత నౌకాదళం చెప్పింది. తమ మందుపాతరే పేలి ఉండవచ్చని పాకిస్తాన్ పక్షం వారు అన్నారు. సినిమా ఈ రెండూ కాదని, మన జలాంతర్గామి ఒకటి నీటి అడుగున ద్వంద్వయుద్ధం చేసి ముంచిందని కల్పించింది. చరిత్ర దృష్టితో చూస్తే ఇది మొత్తానికి మొత్తం కట్టుకథ. అయినా మా ఉద్దేశంలో తెలుగులో వచ్చిన సైనిక చిత్రాల్లో వాస్తవానికి అతి దగ్గరగా వెళ్ళింది ఇదే.

ఎలాగంటే, ఈ కథకు మూలాధారం ఆజ్ఞ. దాడి చేయాలని తహతహలాడే కేప్టెన్ రణ్‌విజయ్ సింగ్, పైనుంచి అనుమతి లేకుండా దాడి వద్దన్న ఆదేశం, ఆయనను అదుపులో ఉంచడానికి పంపిన లెఫ్టినెంట్ కమాండర్ అర్జున్ వర్మ, ఇద్దరి మధ్య నలిగే ఉపనాయకుడు దేవరాజ్. ఎవరు శూరుడన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఎవరి మాట చెల్లాలన్నది ప్రశ్న. ఆజ్ఞ ఒక నోట పుడుతుంది, మరో నోట తిరిగి పలుకుతుంది, ఇంకొకరి చేతిలో చక్రమో మీటో తిరుగుతుంది. నాయకుడికి పరుగెత్తడానికి చోటు లేదు, ఎగిరి తన్నడానికి అసలే లేదు. విశాఖ రామకృష్ణా బీచిలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిలోకి తల వంచుకుని దూరి వచ్చిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఆ ఇరుకు తెలుసు. చెప్పాలంటే ఆ ఇరుకే సలహాదారుగా పనిచేసింది. చోటు లేకపోవడంవల్ల తెలుగు సినిమా నాయకుడు ఒక సిబ్బందిలో ఒకడయ్యాడు.

అయినా పతాక సన్నివేశంలో సినిమా తన మామూలు గుణం చూపించుకుంది. శత్రువును రెచ్చగొట్టడానికి సిబ్బంది అంతా గొంతెత్తి జాతీయగీతం పాడతారు. జలాంతర్గామికి నిశ్శబ్దమే కవచం. ఒక గరిటె జారి పడినా గుండెలు ఆగే చోట ఈ గానం ఔచిత్యభంగమే. క్షేమేంద్రుడైతే ఏమనేవాడో గాని, హాల్లో మా ముందు వరుస లేచి నిలబడింది, మేమూ నిలబడ్డాం. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చునని ఒప్పుకోవడంలో విమర్శకు అవమానం లేదు.

ఇక 'మేజర్' (2022). సెమినారు పత్రాల్లో సగానికి పైగా దీనిమీదే వచ్చాయి. కారణం ఊహించదగినదే. మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ మన ఊరివాడు. బెంగళూరులో స్థిరపడిన మలయాళీ కుటుంబం. ఇక్కడి ఫ్రాంక్ ఆంథొనీ పబ్లిక్ స్కూల్లో చదువు. 1995లో జాతీయ రక్షణ అకాడెమీ. 1999లో బిహార్ రెజిమెంటు ఏడో బెటాలియన్‌లో అధికారి. తరువాత జాతీయ భద్రతా దళంలో 51వ ప్రత్యేక కార్యాచరణ బృందం. 2008 నవంబరు 28న ముంబయి తాజ్ హోటల్లో గాయపడిన సహచరుణ్ణి బయటికి పంపించి, తాను ముందుకు సాగి ప్రాణం ఇచ్చాడు. యలహంక వైపు ఆయన పేరుతో రోడ్డు ఉంది. శశికిరణ్ తిక్కా దర్శకత్వంలో, అడివి శేష్ కథ రాసి నటించగా, తెలుగు హిందీ భాషల్లో ఒకేసారి తీసిన చిత్రం ఇది. అబ్బూరి రవి సంభాషణలు. తల్లిదండ్రులుగా రేవతి, ప్రకాశ్‌రాజ్.

ఆహార్యం విషయంలో ఈ చిత్రం తీసుకున్న శ్రద్ధ కాదనలేనిది. అంతకన్న మెచ్చదగింది ఇంటి భాగం. సైన్యంలో చేరిన కొడుకు ఇంట్లో లేకపోవడం ఎలా ఉంటుందో, భార్య తన భర్త సెలవు కోసం ఎలా లెక్కపెట్టుకుంటుందో, టెలివిజను ముందు కూర్చున్న తల్లి ఏమి చూస్తుందో ఇవన్నీ అరుపులు లేకుండా చూపించింది. సాత్త్వికం అంటే ఇదే కదా. ప్రకాశ్‌రాజ్ గారి తండ్రి పాత్ర కథ చెబుతుంటే మా పక్క సీటులో ఒక పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మానలేదు.

అయితే తాజ్ లోపలికి వెళ్ళగానే చిత్రం మెల్లగా 'ఒక్కడు' అవుతుంది. పైకి ఎవరూ రావద్దు, నేను చూసుకుంటానన్నది ఆయన చివరి మాటగా లోకం చెప్పుకుంటుంది. తనవారు గాయపడకూడదని బృందనాయకుడు అన్న మాట అది. ఆ మాట వెనుక మెట్లమీద ఆగిన మనుషులు ఉన్నారు, ఆగమన్నందుకు ఆగినవారు. సినిమా ఆ మాటను తీసుకుని, ఆ మనుషులను వదిలేసింది. ఒంటరి పోరాటం తెరనిండా సాగుతుంటే, మెట్లమీద ఆగినవాడి మనసులో ఏమి జరిగి ఉంటుందన్నది మాకు తెలియకుండా పోయింది. కరగ చుట్టూ నడిచే వీరకుమారులను తీసేసి పూజారిని ఒక్కణ్ణే చూపించినట్టు ఉంది.

ఇది సందీప్ గారి త్యాగాన్ని తగ్గించే మాట కాదు. అదే ఆపరేషనులో, అదే 51వ బృందానికి చెందిన హవల్దార్ గజేందర్ సింగ్ నారీమన్ హౌస్‌లో ప్రాణం ఇచ్చాడు. 2009 జనవరి 26న ఇద్దరికీ అశోకచక్ర ఇచ్చారు. ఒకే పోరు, ఒకే పతకం. మేజరుకు సినిమా వచ్చింది. హవల్దారు పేరు మా తరగతిలో ఎంతమందికి తెలుసని అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నిజం చెప్పాలంటే ఈ వ్యాసం కోసం పాత పత్రికలు తిరగేసేదాకా మాకూ పేరు సరిగ్గా గుర్తులేదు.

భుజం మీది గుర్తుల గురించి విద్యార్థులు అంత శ్రద్ధగా రాశారు కనుక ఒక గుర్తు గురించి చెబుతాం. మేజరు భుజం మీద నాలుగు సింహాల జాతీయచిహ్నం ఉంటుంది. సుబేదార్ మేజరు భుజం మీదా అదే చిహ్నం. దానికింద ఒక సన్నని రంగుల పట్టీ అదనం. సిపాయిగా చేరి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దారు, నాయబ్ సుబేదారు, సుబేదారు మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ దశాబ్దాల సేవ తరువాత వచ్చే పట్టీ అది. కొత్తగా అకాడెమీ నుంచి వచ్చిన లెఫ్టినెంటు ర్యాంకులో ఆయనకంటే పైవాడు. అయినా ఆ కుర్రవాడు ఆయనను 'సాబ్' అనే పిలుస్తాడు. ఆయనా కుర్రవాణ్ణి 'సాబ్' అనే పిలుస్తాడు. రెండు 'సాబ్'లకూ అర్థం వేరు, గొంతు వేరు. ఈ రెండు పలుకుల తేడా ఒక్క సన్నివేశంలో వినిపిస్తే సైన్యమంటే ఏమిటో సగం చెప్పినట్టే. రిబ్బన్ల వరుస సరిచేసిన మన సినిమాలు ఈ పట్టీ జోలికి పోలేదు. సుబేదారు ఉంటే నవ్వించడానికో, చావడానికో ఉంటాడు.

వాచికం దగ్గరికి వచ్చాం కనుక తెలుగు గురించి మాట్లాడక తప్పదు. 'మేజర్'లో బెంగళూరు మలయాళీ తల్లిదండ్రులు తెలుగు మాట్లాడతారు, బిహార్ రెజిమెంటులోనూ తెలుగే, భద్రతాదళంలోనూ తెలుగే. తెలుగు సినిమా కనుక తెలుగు మాట్లాడతారు; దీన్ని తప్పుపట్టేవాడు షేక్‌స్పియరు డెన్మార్కు రాజకుమారుడి చేత ఇంగ్లీషు పలికించాడని తప్పుపట్టాలి. తండ్రి వేషం వేసిన ప్రకాశ్‌రాజ్ మన బెంగళూరువాడే కావడం, తల్లి వేషం వేసిన రేవతి కేరళ మూలాలున్న నటి కావడం ఒక చక్కని కాకతాళీయం. మా అభ్యంతరం సినిమాలో తెలుగు ఉండడం గురించి కాదు. ఆ తెలుగు ఎక్కడిదన్నదే మా ప్రశ్న. అది ఏ పల్టన్‌లోనూ తిరగని తెలుగు. ఏ ఊరి యాసా, ఏ పొరుగు భాషా అంటని తెలుగు. బెటాలియన్‌లో ఇరవై ఏళ్ళు గడిపివచ్చిన తెలుగువాడు మాట్లాడేది అది కాదు.

ఆ తెలుగు ఎలా ఉంటుందో హైదరాబాదు వాళ్ళకంటే, విజయవాడ వాళ్ళకంటే మనకు బాగా తెలియాలి. ఎందుకంటే మనదీ అలాంటిదే. నగర్తపేట, చిక్కపేట, కబ్బన్‌పేట సందుల్లో ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం, గిరాకీని బట్టి తమిళమో ఉర్దువో మార్వాడీయో. మాట మధ్యలో భాష మారిందని ఇక్కడ ఎవరూ ఉలిక్కిపడరు. బెంగళూరులోనే హలసూరు చెరువు పక్కన మద్రాస్ ఇంజినీర్ గ్రూపు కేంద్రం ఉంది. దాని పుట్టుక 1780 నాటిది. దక్షిణ రాష్ట్రాల కుర్రవాళ్ళు అక్కడ శిక్షణ పొందుతారు. వారిలో తెలుగువాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. ఆదివారం సెలవుపూట బయటికి వచ్చే ఆ కుర్రవాళ్ళ సంభాషణ సిటీ బస్సులో విన్నవారికి మేము చెప్పేది అర్థమవుతుంది. వాక్యం తెలుగు, క్రియ తెలుగు, నామవాచకాలు హిందీ, బెదిరింపు తమిళం. ఇంతకాలం ఈ భాషను ఒక్క తెలుగు సినిమా కూడా చెవిన పెట్టలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆశ్చర్యం ఇంకా పెరగడానికి కారణం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తరాదిన, బెంగాలులో కుంఫిణీ సిపాయికి 'తిలంగా' అని పేరు. ఇంగ్లీషువాళ్ళు మద్రాసు వైపునుంచి వెంటబెట్టుకుపోయిన తొలి సిపాయిల్లో తెలుగువారు ఉండబట్టి, ఆ తరువాత ఏ ఊరివాడు ఎర్రకోటు తొడిగినా తిలంగాయే అయ్యాడు. మన జాతి పేరే కొంతకాలం సిపాయి అన్న మాటకు పర్యాయపదం. 1791 మార్చి 7న కారన్‌వాలిస్ సైన్యం బెంగళూరు పేటను, నగర్తపేటకు కూతవేటు దూరంలో ఉన్న హలసూరు గేటు వైపునుంచి దాడి చేసి పట్టుకుంది. ఆ మద్రాసు సైన్యపు సిపాయిలకు తెలుగు కొత్త కాదు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల 'మిలటరీ' అన్న మాట వినబడితే కాటన్‌పేట వైపు హోటలు, అందులో వేటమాంసం గుర్తుకువస్తాయి. ఆకలి వేళ చరిత్ర చెప్పకూడదు.

సిపాయి ఊరినుంచి కథ మొదలుపెట్టడం సాధ్యమేనా? మన పొరుగువారు చేసి చూపించారు. 1990లో రాజేంద్రసింగ్ బాబు కన్నడంలో తీసిన 'ముత్తిన హార'లో విష్ణువర్ధన్ వేసిన అచ్చప్ప కొడగు మనిషి. కరియప్పనూ తిమ్మయ్యనూ ఇచ్చిన నేల అది. యుద్ధం తరువాత యుద్ధం ఆ ఇంటిని ఎలా తినేస్తుందో ఆ చిత్రం చూపింది. పోరాట దృశ్యాల సాంకేతికత ఈనాటి కళ్ళకు పలచగా కనబడవచ్చు. కాని అచ్చప్పకు ఒక ఊరు ఉంది, ఇల్లు ఉంది, తనవాళ్ళు ఉన్నారు. అతను ఎవరు అని అడగనక్కరలేదు. అందులో మన బాలమురళీకృష్ణ గారి గొంతు వినిపిస్తుందన్నది తెలుగు విద్యార్థులకు అదనపు ఆకర్షణ. బెంగళూరులో చదువుతూ ఈ సినిమా చూడకుండా వెళ్ళిపోకండి.

మనకు కొడగు లేదా? పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం 'మిలటరీ మాధవరం' అంటారు. తరతరాలుగా ఇంటింటినుంచీ సైన్యానికి మనుషులను పంపిన ఊరు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలో పోరాడిన భారతీయ సైనికుణ్ణి 'కంచె' (2015)లో క్రిష్ తెరమీదికి తెచ్చినప్పుడు మేము ఆశపడ్డాం. ఆ చిత్రానికి కులాల మధ్య కంచె ముఖ్యం. యుద్ధం దానికి అద్దం. కవితాత్మకంగా ఉంది, మంచి చిత్రమే, కాని మాధవరం అందులో లేదు. 'సీతారామం' (2022)లో లెఫ్టినెంట్ రామ్‌ను అనాథను చేశారు. ఉత్తరాలు రావడానికి కథకు అది అవసరమే అయింది. కాని గమనించండి, మన తెర సైనికుడికి ఊరూ ఇల్లూ లేకపోవడం ఎంత సులువుగా కుదిరిపోతుందో.

నిజమైన సైనికులు మాత్రం ఊళ్ళనుంచే వస్తారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో నేలకొరిగిన కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేటవారు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, బిహార్ రెజిమెంటు పదహారో బెటాలియన్‌ను నడిపారు. బెంగళూరు మలయాళీ ఒకరు, సూర్యాపేట తెలుగువారు ఒకరు, ఇద్దరూ 'జై బజరంగ్ బలీ' అని అరిచే సిపాయిలకు నాయకులు. 2025 మేలో జమ్మూ కశ్మీర్ సరిహద్దు కాల్పుల్లో చనిపోయిన అగ్నివీరుడు మురళీ నాయక్ మనకు మరీ దగ్గరివాడు. హిందూపురం దాటాక గోరంట్ల మండలంలోని కల్లి తండా. తండా పలుకు ఒకటి, బడి పలుకు ఒకటి, పల్టన్ పలుకు ఒకటి. ఇంతమంది నోళ్ళలో ఇన్ని భాషలు మారుతుంటే, మన మేజర్లు మాత్రం రచయిత రాసిచ్చిన ఒకే తెలుగులో దేశభక్తి ఉపన్యాసం ఇస్తున్నారు.

తెలుగు ప్రాంతంలో పెరిగిన ప్రేక్షకుడికి ఇది చిన్న లోటుగా తోచవచ్చు. అతనికి చుట్టూ వేరే తెలుగు దొరుకుతుంది. మీలో చాలామందికి ఇంటి బయట వినబడే తెలుగంటే కెంపేగౌడ రోడ్డు హాళ్ళలో వినబడేదే. అది ఏ పొరుగు భాషా తాకని తెలుగే అసలైనదని చెప్పకుండానే చెబుతుంటే, మీ ఇంటి తెలుగు మీకే తప్పుగా వినబడడం మొదలవుతుంది. ఒక విద్యార్థిని తన పత్రం చదివేటప్పుడు 'మా నాన్న తెలుగు సరిగ్గా రాదు, మిలటరీలో పాడైపోయింది' అని నవ్వుతూ అంది. ఆ వాక్యం విన్నాకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

ఆ అమ్మాయి తండ్రి హవల్దారుగా రిటైరయ్యారు. మా కోరికమీద ఒక ఆదివారం నగర్తపేట మేడమీదికి వచ్చారు. విద్యార్థులు రిబ్బన్ల వరుస గురించి అడిగారు; ఓపికగా చెప్పారు. మేము మాటల గురించి అడిగాం. లంగర్ అంటే వంటశాల, ఛుట్టీ అంటే సెలవు, బిస్తర్ అంటే పక్కబట్టల చుట్ట, రోజూ సాయంత్రం రోల్ కాల్, ఉదయం పీటీకి ఫాలిన్. పల్టన్ అన్న మాట దగ్గర మాత్రం ఆగారు. పటాలమందామా అని ఒక విద్యార్థి సాయం చేయబోయాడు. అది పుస్తకంలో మాట అన్నారాయన. మరి దాన్ని తెలుగులో ఏమంటారు సార్ అని అడిగితే కాసేపు ఆలోచించి, 'పల్టన్ అనే అంటాం, మనవాళ్ళు అని కూడా అంటాం' అన్నారు. అమ్మాయి రెండూ రాసుకుంది. పదకోశం ఇప్పటికి నలభై రెండు మాటలకు చేరింది.